కెనడా ఫుట్‌బాలు, అమెరికా ఫుట్‌బాలు: ఆటయు, వ్యాఖ్యానమును

మన పిల్లలు ఆటలను ఆడి నేర్చుకొనునంతగా విని కూడ నేర్చుకొనుచున్నారు. టెలివిజను ముందు కూర్చున్న బాలుడు బంతిని కన్నులతో చూచుచుండగా, ఆ బంతికి సంబంధించిన మాటలు చెవులలో పడుచుండును. ఆట ముగిసిన పిదప వీధిలోనికి పోయి, తాను విన్న మాటలనే వల్లించును. ఏ భాషలో విన్నాడో ఆ భాషయే ఆటకు భాషయై నిలుచును. ఈ సంగతి తల్లిదండ్రులు గమనింపదగినది. అందువలన ఈ సంచికలో మేము దూరదేశపు ఆటలను రెండింటిని గ్రహించి, వాని నియమములను, వానిపై టెలివిజనులో సాగు వ్యాఖ్యానమును పోల్చి చూపుటకు పూనుకొంటిమి.

ఆ రెండాటలు కెనడా ఫుట్‌బాలు, అమెరికా ఫుట్‌బాలు. వీనికిని, మన దేశమున ఫుట్‌బాలు అని పిలువబడు ఆటకును సంబంధము స్వల్పము. ఇందు కోడిగ్రుడ్డు వంటి కోలబంతిని చేతబట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు, కొన్ని సమయములందు తన్నుదురు. ఎదుటి జట్టు వారు బంతి పట్టుకొన్నవానిని నేలగూల్చి ఆపుదురు. తొలిసారి చూచువారికి రెండును ఒకటే ఆటవలె తోచును. కవలపిల్లలను తల్లి మాత్రమే వేరుగా గుర్తించినట్లు, ఈ రెండింటి భేదమును ఆ దేశముల వారు మాత్రమే వెంటనే పోల్చుకొందురు. కెనడా జనసంఖ్య అమెరికా జనసంఖ్యలో ఎనిమిదవ వంతు మాత్రమే. అంత పెద్ద యింటి ప్రక్కన నున్న చిన్న యిల్లు తన ఆటను తనదిగా నిలుపుకొనుట ఎట్లు? ఈ ప్రశ్న మనబోటి వారికి క్రొత్తది కాదు.

ఒక కొమ్మకు రెండు రెమ్మలు

ఈ యాటలకు మూలము ఇంగ్లండు దేశపు రగ్బీ. 1874వ సంవత్సరము మే నెలలో కెనడాలోని మాంట్రియలు నగరమునుండి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి రెండు దినములు ఆడిరి. మొదటి దినము హార్వర్డు వారి నియమములు, రెండవ దినము మెక్‌గిల్ వారి రగ్బీ నియమములు. అతిథులు తెచ్చిన ఆటయే హార్వర్డు వారికి ఎక్కువ నచ్చెను. అనగా, నేడు లోకమంతట అమెరికా ఆటయని పేరొందినది కెనడా విద్యార్థులు తీసికొనిపోయిన విత్తనమునుండి కొంత మొలచినదే.

తరువాత అమెరికాలో వాల్టరు క్యాంపు అను ఆయన ప్రోద్బలముతో నియమములు మారసాగినవి. 1880లో జట్టుకు 11 మంది అని నిర్ణయించిరి. 1882లో మూడు యత్నములలో 5 గజములు ముందునకు పోవలెనను నియమము వచ్చెను. ఈ యత్నమునకే 'డౌను' అని పేరు. 1906లో బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించెను. సాధింపవలసిన దూరము 10 గజములయ్యెను. 1912లో నాలుగవ డౌను కలిపి, అంతవరకు 110 గజములుగా నున్న మైదానమును 100 గజములకు తగ్గించిరి.

కెనడాలో 1903లో టొరంటో విశ్వవిద్యాలయ జట్టు నాయకుడైన బర్న్‌సైడు పేరుమీద ప్రసిద్ధమైన నియమములు ఒంటారియో రాష్ట్రమున అమలులోనికి వచ్చెను. జట్టుకు 12 మంది, మూడు డౌనులు, 10 గజములు. ముందునకు విసరుటను వారు 1931లో గాని పూర్తిగా అంగీకరింపలేదు.

ఇచ్చట ఒక విశేషము కలదు. కెనడా ఆటకు ప్రత్యేకములని చెప్పుకొను మూడు డౌనులు, 110 గజముల మైదానము ఒకప్పుడు అమెరికాలో కూడ ఉండెను. అమెరికా వారు విడిచిన వానిని కెనడా వారు నిలుపుకొనిరి. పుట్టింట మరుగుపడిన ఆచారము ఒక్కొక్కప్పుడు దూరముగా కాపురమున్న వారి యింట బ్రదికియుండును. తరతరములుగా ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములలో అవ్వలు పలుకు కొన్ని మాటలు విని, అచ్చటినుండి వచ్చిన చుట్టములు ఆశ్చర్యపడుట మనమెరుగని సంగతి కాదు.

నియమముల భేదము

పోలికకు అనుకూలముగ ముఖ్యమైన భేదములను వరుసగా చెప్పెదము.

మొదటిది మైదానము. అమెరికా మైదానము పొడవు 100 గజములు, వెడల్పు 53 గజములకు మించి కొంచెము. రెండు కొసలయందును 10 గజముల చొప్పున గెలుపు ఆవరణములు. కెనడా మైదానము సంప్రదాయముగ 110 గజముల పొడవు, 65 గజముల వెడల్పు, కొసలయందు 20 గజముల ఆవరణములు.

రెండవది ఆటగాండ్ర సంఖ్య. అమెరికాలో 11 మంది, కెనడాలో 12 మంది.

మూడవది డౌనులు. పది గజములు సాధించుటకు అమెరికాలో నాలుగు యత్నములు, కెనడాలో మూడు. సాధారణముగ చివరి యత్నమున బంతిని దూరముగ తన్ని ఎదుటివారికి అప్పగింతురు. కావున అమెరికా జట్టుకు నిజముగ మూడు, కెనడా జట్టుకు రెండు అవకాశములే మిగులును. రెండే అవకాశములున్నప్పుడు నేలబారు పరుగుతో నాలుగేసి గజములు కూడబెట్టుట చాలదు. అందువలన కెనడా వారు బంతిని ఎక్కువగా విసరుదురు, ఎక్కువగా తన్నుదురు.

నాలుగవది కదలిక. అమెరికాలో ఆట ఆరంభమగు క్షణమున ఒక్కడు మాత్రమే కదలుచుండవచ్చును. వాడైనను ముందునకు పోరాదు. కెనడాలో వెనుక వరుసవారు పలువురు ముందుగనే పరుగు మొదలుపెట్టి, బంతి కదలు క్షణమునకు గీతను చేరవచ్చును.

అయిదవది 'రూజ్' అను ఒంటి గుర్తు. ఇది కెనడా ఆటకు ముద్దుబిడ్డ. తన్నిన బంతి ఎదుటివారి గెలుపు ఆవరణములో పడి, వారు దానిని వెలుపలికి తీసికొనిరాలేకపోయినచో తన్నిన జట్టునకు ఒక గుర్తు లభించును. గుర్తులు సమానముగ నున్నప్పుడు చివరి క్షణమున గురి తప్పిన తన్ను కూడ గెలిపింపవచ్చును.

టెలివిజను వచ్చిన తరువాత

1939 సెప్టెంబరు 30వ తేదీన న్యూయార్కు నగరమున ఎన్.బి.సి. సంస్థ ఒక కళాశాలల ఫుట్‌బాలు ఆటను ప్రయోగాత్మకముగ ప్రసారము చేసెను. కెనడాలో 1909నుండి జరుగుచున్న గ్రే కప్పు అంతిమ పోటీ 1952లో మొదటిసారి సి.బి.సి. టెలివిజనులో కనబడెను. ఆ ప్రసారము నడుమ చిత్రము కొంతసేపు మాయమయ్యెను. తొలి దినముల తిప్పలు ఎచ్చటనైనను ఒకటే.

రేడియోలో వ్యాఖ్యాత సమస్తమును చెప్పవలెను. శ్రోతకు కన్నులు ఆయనవే. టెలివిజనులో ప్రేక్షకుడు తానే చూచుచుండును. అట్లయిన వ్యాఖ్యాత చెప్పవలసినదేమి? చూచినదానిని మరల చెప్పుట వ్యర్థము. చూచినది ఎందువలన జరిగినదో చెప్పుట అవసరము. ఈ విధముగ ఇద్దరు వ్యాఖ్యాతల పద్ధతి స్థిరపడెను. ఒకరు జరుగుచున్న ఆటను క్రమముగ వర్ణింతురు. రెండవవారు, తరచుగా పూర్వము ఆడినవారో శిక్షకులో అయినవారు, ఆట ఆగినపుడు కారణములను విప్పి చెప్పుదురు.

ఈ విప్పి చెప్పుటకు యంత్రములు తోడ్పడినవి. 1963 డిసెంబరు 7వ తేదీన, సైనిక, నౌకా విద్యాలయముల నడుమ జరిగిన ఆటలో, సి.బి.ఎస్. దర్శకుడు టోనీ వెర్నా అప్పుడే జరిగిన ఘట్టమును వెంటనే మరల చూపెను. చూచువారు అదే జట్టు రెండవసారి గెలుపు గుర్తు సాధించినదని భ్రమపడకుండ, వ్యాఖ్యాత లిండ్సే నెల్సన్ ఇది క్రొత్తగా జరిగినది కాదని చెప్పవలసి వచ్చెను. 1998లో సాధింపవలసిన దూరమును చూపు పసుపుపచ్చని గీత తెరమీద కనబడసాగెను. అది మైదానమున లేని గీత. ప్రేక్షకునికి మాత్రమే కనబడును.

అమెరికాలో వ్యాఖ్యానము క్రమముగ ఒక వినోద ప్రదర్శనమయ్యెను. 1970 సెప్టెంబరులో ఎ.బి.సి. వారు సోమవారము రాత్రి ప్రసారములను ఆరంభించి, ఇద్దరికి బదులు ముగ్గురను కూర్చుండబెట్టిరి. వారిలో హోవర్డు కోసెల్ వాదించువాడు, డాన్ మెరెడిత్ చమత్కరించువాడు. ఆట చూచుటకు వచ్చిన వారిలో కొందరు ఈ సంభాషణ వినుటకే నిలిచిరి. ఇంత మాటకు తావెట్లు దొరకెనని అడుగవచ్చును. 2010లో ఒక అమెరికా దినపత్రిక లెక్కింపగా, మూడు గంటల ప్రసారములో బంతి నిజముగ చలించుకాలము సుమారు 11 నిమిషములే యని తేలెను. మిగిలిన కాలమంతయు ప్రకటనలకు, పునర్దర్శనములకు, మాటకును చెందును.

మాట లేకున్న ఏమగును? దానిని కూడ పరీక్షించి చూచిరి. 1980 డిసెంబరు 20వ తేదీన న్యూయార్కు జెట్సు, మయామీ డాల్ఫిన్సు జట్ల ఆటను ఎన్.బి.సి. వారు వ్యాఖ్యాతలు లేకుండ ప్రసారము చేసిరి. మైదానపు శబ్దములు, తెరమీది అక్షరములు మాత్రమే యుండెను. ఆ పద్ధతి నిలువలేదు. చూచుట వేరు, తెలిసికొనుట వేరు. రెండింటి నడుమ వంతెన మాటయే యని ఆ ఒక్క దినము నిరూపించెను.

కెనడాలో వ్యాఖ్యాతకు అంత తీరుబడి లేదు. న్యాయనిర్ణేత ఈల వేసిన 20 సెకనులలో తరువాతి ఆట మొదలుకావలెనను నియమము అచ్చట చాలకాలము ఉండెను. అమెరికాలో ముందటి ఆట ముగిసినది మొదలు 40 సెకనులు గడువు. కావున కెనడా విశ్లేషకుడు ఒక్క సంగతిని ఎన్నుకొని, దానిని క్లుప్తముగ చెప్పి, వర్ణించువానికి దారి యీయవలెను. నియమము మాటతీరును కూడ నిర్ణయించునని దీనివలన తెలియుచున్నది.

కెనడా ప్రసార చరిత్రలో మరువరాని దినము 1962 డిసెంబరు 1. టొరంటోలో గ్రే కప్పు ఆట జరుగుచుండగా సరస్సు మీదినుండి మంచు క్రమ్ముకొని, ప్రేక్షకులకు బంతి కనబడకుండెను. ఇక 9 నిమిషముల 29 సెకనుల ఆట మిగిలియుండగా నిలిపివేసి, మరునాడు పూర్తి చేసిరి. విన్నిపెగ్ జట్టు 28-27 గుర్తులతో హామిల్టన్ జట్టును గెలిచెను.

ఒకే మాట, రెండర్థములు

ఇప్పుడొక చిన్న ఉదాహరణము. వ్యాఖ్యాత "మూడవ డౌను, ఇంక ఏడు గజములు" అనెననుకొనుడు. అమెరికా ప్రేక్షకుడు ముందునకు వంగి కూర్చుండును. ఇప్పుడు బంతిని విసరుదురు, కీలకమైన ఘట్టము అని యాతని భావము. కెనడా ప్రేక్షకుడు వెనుకకు వాలును. ఇక తన్ని అప్పగింతురు, ఈ విడత ముగిసినది అని యాతని భావము. ఒక్క అక్షరము మారలేదు, అర్థము తలక్రిందులయ్యెను.

1982లో అమెరికా ఆటగాండ్రు సమ్మె చేయగా, ఎన్.బి.సి. వారు ఆ ఖాళీని పూరించుటకు కెనడా ఆటలు కొన్నింటిని ప్రసారము చేసిరి. అవి అమెరికా ప్రేక్షకుల మనస్సును పట్టలేదు. ఆట తక్కువది యగుటవలన కాదు. చిన్ననాటినుండి చెవులు అలవరచుకొన్న లెక్క వేరు. మాటలు తెలిసినంత మాత్రమున భావము తెలియదు. ఆ మాటల వెనుక బాల్యమునుండి పెరిగిన అనుభవము ఉండవలెను. ఇతర భాషలో చదువుకొన్న మన పిల్లవాడు తెలుగు వాక్యమును తప్పులేకుండ చదివియు, అందలి ఎత్తిపొడుపును గ్రహింపలేకపోవుట ఇట్టిదే.

ఫ్రెంచి వ్యాఖ్యానము

కెనడా ఆటలో మనకు మిక్కిలి సన్నిహితమైన భాగమిది. ఆ దేశమున క్యూబెక్ రాష్ట్రమునందలి ప్రజలలో అధిక సంఖ్యాకులు ఫ్రెంచి భాషీయులు. దేశమంతటిని తీసికొన్న వారు అల్పసంఖ్యాకులు. 1969లో చేసిన శాసనమువలన ఇంగ్లీషు, ఫ్రెంచి రెండును కేంద్రప్రభుత్వపు అధికార భాషలైనవి. శాసనము కచేరీలకు భాషనీయగలదు, ఆటస్థలమునకు ఈయలేదు. అది ప్రజలే ఇచ్చుకోవలెను.

ఫ్రెంచివారు ఈ యాటకు తమ మాటలను కూర్చుకొనిరి. జట్టును నడుపు క్వార్టరుబ్యాకును 'కార్-అర్యేర్' అందురు. డౌనునకు 'ఎస్సే', అనగా యత్నము. గజమునకు 'వెర్జ్'. కొన్ని మాటలు అనువదించినవి, కొన్ని ప్రాతమాటలకు క్రొత్త పని చెప్పినవి. ఆర్.డి.ఎస్. అను ఫ్రెంచి క్రీడా టెలివిజను ఈ మాటలను ఇంటింటికి చేర్చెను. అచ్చట విశ్లేషకుడుగ ప్రసిద్ధి చెందిన పియెర్ వెర్షెవాల్ స్వయముగ ఈ లీగులో చాలకాలము ఆడినవాడు. ఆట తెలిసినవాడు తల్లిభాషలో చెప్పుచుండగా, ఇది పరులయాట యను భావము పిల్లలకు కలుగదు.

ఫలితము కనబడుచున్నది. ఫ్రెంచి భాషలో బోధించు లావాల్ విశ్వవిద్యాలయము 1996లో ఫుట్‌బాలు జట్టును ఏర్పరచెను. మూడేండ్లలో, అనగా 1999లో, దేశమునందలి విశ్వవిద్యాలయముల అంతిమ బహుమతియైన వానియే కప్పును గెలిచెను. ఆ పిదప మరల మరల గెలిచి, ఆ కప్పును అత్యధిక పర్యాయములు గెలిచిన విశ్వవిద్యాలయముగ పేరొందెను. వ్యాఖ్యానమొక్కటియే దీనికి కారణమని మేము చెప్పము. ధనము, శిక్షణ, పట్టుదల, అన్నియు కావలెను. అయినను, పిల్లవానికి ఆటను వివరించు మాట యింటి మాటయైనపుడు తొలి మెట్టు సులభమగునని మాత్రము చెప్పవచ్చును.

అంత మాత్రమున అంతయు సరిగా నున్నదని కాదు. 2023 నవంబరులో మాంట్రియలు జట్టు 28-24 గుర్తులతో గ్రే కప్పు గెలిచినపుడు, ఆ జట్టుకు చెందిన క్యూబెక్ యువకుడు మార్క్-ఆంట్వాన్ దెక్వా, మైదానమునుండియే ఫ్రెంచి టెలివిజనుతో మాటలాడుచు, పోటీ జరిగిన చోట ఎక్కడ చూచినను ఇంగ్లీషు మాత్రమే యున్నదని ఆవేదనతో పలికెను. ఆ మాటలు దేశమంతట చర్చకు కారణమైనవి. విజయపు క్షణమున ఆ యువకునికి ముందుగ జ్ఞప్తికి వచ్చినది తన భాష. గెలిచినవాడు కూడ తన భాష కనబడలేదని బాధపడుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

క్రొత్త మార్పులు

కెనడా ఫుట్‌బాలు లీగు 1958లో ఏర్పడెను. అందు తొమ్మిది జట్లు. అమెరికా జాతీయ లీగు 1920లో ఆరంభమైనది. అందు 32 జట్లు. 2025లో కెనడా లీగునకు అధికారిగ వచ్చిన స్టూవర్టు జాన్‌స్టన్, అంతకుపూర్వము టి.ఎస్.ఎన్. అను క్రీడా టెలివిజను సంస్థకు అధ్యక్షుడుగ నుండెను. ఆ యేడు సెప్టెంబరులో లీగు కొన్ని మార్పులను ప్రకటించెను. 2026నుండి రూజ్ గుర్తు లభించు సందర్భములు తగ్గును; గడువు గడియారము 35 సెకనులై స్వయముగ తిరుగును. 2027నుండి మైదానము 100 గజములగును. గెలుపు ఆవరణములు 15 గజములగును. గోలు స్తంభములు గెలుపు గీతమీదినుండి ఆవరణపు వెనుక అంచునకు పోవును. మూడు డౌనులు, 12 మంది, 65 గజముల వెడల్పు, ఆరంభమునకు ముందటి పరుగు, ఇవి మాత్రము మారవు.

ఇందువలన గెలుపు గుర్తులు పెరిగి ఆట రక్తికట్టునని లీగు వారి వాదము. ఇది క్రమముగ అమెరికా ఆటయై పోవునని కొందరు ఆటగాండ్రు, అభిమానులు వగచిరి. ఇరువురిని త్రోసిపుచ్చజాలము. కెనడా వారు 1931లో అమెరికానుండి విసరు విద్యను గ్రహించి చెడిపోలేదు; ఆటకు రెక్కలే వచ్చెను. ఇప్పుడు విడుచుచున్న 110 గజములు నూరేండ్లకు పైబడి నిలుపుకొన్నవి. ఏది విడిచిన బ్రదుకుదుము, ఏది విడిచిన మనము మనము కాము, అను విచారణ చిన్న యింటివారికి ఎన్నడును తప్పదు. వారు డౌనుల సంఖ్యను తాకకుండుట గమనింపదగినది. అది వారి ఆటకు ప్రాణమని వారికి తెలియును.

మనకు పాఠము

మన పిల్లలు వీధిలో ఆ ప్రాంతపు భాష మాటలాడుదురు. అది అవసరము, మంచిది కూడ. ఇంగ్లీషు నేర్తురు; అదియు కావలెను. 1931 నాటి కెనడా వారివలె ఉపయోగకరమైన దానిని ఎచ్చటినుండి యైనను గ్రహింపవలెను. కాని తెలుగును పూజాగదికి, పెండ్లిపత్రికకు, పరీక్షకు మాత్రమే పరిమితము చేసినచో, పిల్లవాని ఆటలో దానికి చోటుండదు. ఆటలో చోటులేని భాషకు బాల్యములో చోటులేదు. బాల్యములో చోటులేనిది పెద్దతనమున తెచ్చిపెట్టిన రాదు.

కావున తల్లిదండ్రులకు మేము చేయు సూచన చిన్నది. ఇప్పుడు క్రికెట్టు, కబడ్డీ ప్రసారములు తెలుగు వ్యాఖ్యానముతో కూడ లభించుచున్నవి. వారమున కొక్కసారి యైనను ఆ భాషలో వినుడు. అంతకంటె మేలైనది మరియొకటి కలదు. టెలివిజను ధ్వనిని అయిదు నిమిషములు తగ్గించి, పిల్లవానిని తెలుగులో వ్యాఖ్యానము చేయుమనుడు. మాటలకు తడవుకొనును, ఇంగ్లీషు మాటలు దొరలును, నవ్వకుడు. 'బౌలరు', 'వికెట్టు' వంటివి ఉండనిండు, అవి మన మాటలే అయినవి. క్రియలు తెలుగువి కావలెను: విసరెను, తప్పించుకొనెను, జారిపడెను, అందుకొనెను. వాక్యము నడక తెలుగుదైన, లోపల కూర్చున్న పరభాషా పదము అతిథి యగును గాని యజమాని కాదు. తాతలు, అవ్వలు ప్రక్కన నున్న ఒక్కొక్క మాట అందింతురు. వారికిని ఆ సాయంకాలము ఒక పని దొరకును.

1980లో మాటలేని ఆటను చూచిన అమెరికా వారికి ఏదో వెలితి తోచెను. ఫ్రెంచి మాట కనబడని పండుగలో దెక్వాకు వెలితి తోచెను. మన పిల్లలకు ఆ వెలితి తెలియకయే పెరుగు స్థితి రాకుండ చూచుట పాఠశాల యొక్కటి చేయగల పని కాదు. బడిలో మేము అక్షరము నేర్పుదుము. ఆ అక్షరము ఇంటిలో ఆడుకొనవలెను.